ముందు బొటనవేలు, తర్వాతే గురి

“అండర్ లివర్” అన్న మాట మొదటిసారి మా ఇంట్లో వినిపించినప్పుడు మా అమ్మ గాభరా పడింది. “ఎవరికే? లివరుకేమైంది?” అంటూ వంటింట్లోంచి బయటికొచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదమ్మా, అది తుపాకీలో ఒక రకం అని చెప్పాక ఆ గాభరా రెండింతలైంది.

తుపాకీ అంటే నిజం తుపాకీ కాదులెండి. ఎయిర్ రైఫిల్. మందుగుండు ఉండదు. లోపల గట్టి స్ప్రింగు ఒకటి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే అది ఒక్కసారిగా సాగి, సైకిలు పంపులో లాగా పిస్టన్‌ను ముందుకు తోస్తుంది. ఆ గాలి దెబ్బకు శనగగింజంత కూడా లేని సీసపు గుండు బయటికి దూకుతుంది. మా వైపు దీన్ని పిట్టల తుపాకీ అంటారు. ఆ పేరులోనే సగం గొడవ ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మా తమ్ముడు తన మేనకోడలికి ఇది కొనిస్తానన్నాడు. ఫోన్లో రెండు రకాలు చూపించి “అక్కా, ఏది కొనల్లో నువ్వే తేల్చు” అన్నాడు. నేను తేలుస్తానని వాడు అనుకోలేదు, మాటవరసకు అన్నాడు. నేను నిజంగానే కూర్చుని తేల్చాను. అందుకు నాకు నెల రోజులు పట్టింది. ఈలోగా ముగ్గురు అలిగారు.

అసలిదంతా సుగుటూరు గంగమ్మ జాతరలో మొదలైంది. మా పుట్టిల్లు పుంగనూరు దగ్గర పల్లె. జాతరకు మదనపల్లె నుంచి ప్రతి ఏడూ పిల్లల్ని తీసుకుని పోతాం. బెలూన్లు కాల్చే అంగడి దగ్గర మా పాప ఆగింది. తొమ్మిదో తరగతి. పది గుళ్ళు తీసుకుంటే మూడు బెలూన్లు పేలాయి. మామూలుగా పిల్లలు అక్కడితో మూతి ముడుచుకుని జిలేబీ అంగడికి నడుస్తారు. ఇది కదల్లేదు. “అమ్మా, ఈ తుపాకీ ఎడమకు లాగుతోంది” అంది. ఇంకో పది గుళ్ళకు డబ్బులు తీసుకుని, ఈసారి ప్రతి బెలూన్‌కూ కాస్త కుడి పక్కన గురిపెట్టింది. ఎనిమిది పేలాయి. అంగడాయన నవ్వి తుపాకీ మార్చి పెట్టుకున్నాడు.

ఆ తుపాకీ ఎడమకు ఎందుకు లాగుతుందో ఆ రాత్రే పిల్ల కనిపెట్టింది. జాతర తుపాకీలు మధ్యకు విరిగే రకం. గొట్టాన్నే కిందికి వంచి స్ప్రింగు బిగిస్తారు. అంటే గొట్టమే పంపు పిడి కూడా. రోజుకు ఎన్ని వందలసార్లో వంచీ వంచీ కీలు వదులవుతుంది, గొట్టం ఓ పక్కకు ఒరుగుతుంది. అండర్ లివర్ రకంలో గొట్టం కదలదు. దాని కింద కడ్డీ ఒకటి వేరుగా ఉంటుంది, దాన్ని లాగితే స్ప్రింగు బిగుస్తుంది. అందుకే గురి నిలకడగా ఉంటుంది. బర్మింగ్‌హామ్‌లో బీఎస్ఏ కంపెనీ వందేళ్ళ కిందటే ఈ తరహా తుపాకీలు చేసింది. జర్మనీ వాళ్ళ హెచ్‌డబ్ల్యూ 77, ఇంగ్లండు వాళ్ళ టీఎక్స్ 200 ఈ రకంలో బాగా పేరున్నవి. మా తమ్ముడు వీడియోలు చూసి చూసి ఈ పేర్లన్నీ మేనకోడలికి నేర్పాడు. అది అష్టోత్తరంలా అప్పజెప్పేది.

నాకు మాత్రం చేతి పంపు గుర్తొచ్చింది. మా పల్లెలో బోరింగు పిడి సగం దాకా నొక్కి చెయ్యి జారితే అది ఎగిరొచ్చి గడ్డానికి కొట్టేది. మా తరం ఆడపిల్లల్లో ఆ దెబ్బ తినని వాళ్ళు తక్కువ. లివర్ అన్నాక అంతే కదా. ఈ తుపాకీలో పిడి జారితే దెబ్బ ఎవరికి తగులుతుంది? ఇదీ నేనడిగిన మొదటి ప్రశ్న. ఎన్ని అడుగుల వేగం, ఎంత దూరం పోతుంది, దుర్బిణీ ఉందా అని మగవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. నా ప్రశ్నకు జవాబు చెప్పడానికి మా తమ్ముడికి రెండు రోజులు పట్టింది.

జవాబు ఇదీ. అండర్ లివర్ తుపాకీల్లో చాలావాటికి పిస్టన్ ఉండే గొట్టం మొత్తం వెనక్కి జరుగుతుంది. అలా జరిగినప్పుడు పైన ఒక కిటికీలా ఖాళీ ఏర్పడుతుంది. బొటనవేలితో గుండును ఆ ఖాళీలోంచి తీసుకెళ్ళి గొట్టం మొదట్లో కూర్చాలి. ఆ సమయంలో బిగిసిన స్ప్రింగును పట్టి ఉంచిన కొక్కెం జారితే, జరిగిన గొట్టం పూర్తి బలంతో ముందుకొస్తుంది. మధ్యలో ఉన్నది బొటనవేలు. మిక్సీ జారు పెట్టకుండా స్విచ్చి వేసి, వేలితో పచ్చడి సర్దినట్టు. మంచి కంపెనీలు దీనికి విరుగుడు పెట్టాయి. టీఎక్స్ 200లో కడ్డీ వెనక్కి వస్తుంటే టక్, టక్ అని మెట్లు మెట్లుగా పట్టుకుంటుంది, చెయ్యి జారినా అక్కడే ఆగుతుంది. మూసేటప్పుడు వేరే మీట నొక్కితేగానీ వదలదు. ఇంకొన్నిట్లో కడ్డీ పూర్తిగా మూసేదాకా ట్రిగ్గర్ నొక్కినా పని చెయ్యదు. చవకరకాలు కొన్నిట్లో ఇవేవీ ఉండవు. చూడ్డానికి అన్నీ ఒకటే. ప్రెషర్ కుక్కరు కొనేటప్పుడు సేఫ్టీ వాల్వు చూస్తాం కదా, ఇదీ అంతే. కానీ ఇంటికి కుక్కరు కొనేటప్పుడు మనల్ని అడుగుతారు, తుపాకీ కొనేటప్పుడు అడగరు.

ఈ ముచ్చట కుప్పం దాకా పాకింది. అక్కడ మా చెల్లెలి అత్తగారిల్లు. దాని మామగారు కోలారు బంగారు గనుల్లో పనిచేసి రిటైరైన మనిషి. వాళ్ళ నాన్నా గనుల్లోనే చేశారట. 1956లో గనులు ప్రభుత్వం చేతికి వెళ్ళక ముందు, స్వదేశం తిరిగి పోతున్న ఒక ఇంగ్లీషు ఇంజనీరు దగ్గర ఆయన ఒక ఎయిర్ రైఫిల్ కొన్నారు. బీఎస్ఏ వాళ్ళ ఎయిర్‌స్పోర్టర్. 1948లో వచ్చిన మోడలు. అదీ అండర్ లివరే. “కొత్తది ఎందుకమ్మా, మన ఇంట్లోదే పాపకు ఇస్తాను” అని పెద్దాయన ఫోన్ చేశారు. ఆయన మనవళ్ళకు కూడా ముట్టుకోనివ్వని వస్తువు అది.

ఆదివారం పోయి చూశాం. చెప్పకూడదు గానీ ముద్దొచ్చింది. చెక్క పనితనం మా అమ్మమ్మ భోషాణంలా ఉంది. కింది కడ్డీ చెక్కలో దాక్కుని అసలు కనబడదు. నా బొటనవేలి ప్రశ్నకు దాంట్లో డెబ్భై ఏళ్ళ కిందటే జవాబుంది. గుండు పెట్టడానికి గొట్టం వెనక చిన్న కుళాయి లాంటిది తెరుచుకుంటుంది. గుండును ఆ గుంతలో జారవిడిచి కుళాయి మూసేస్తే చాలు, వేలు స్ప్రింగు దారిలోకి పోనే పోదు. కొత్త తుపాకీల్లో ఇంత తేలిక ఏర్పాటు ఎందుకు తక్కువైందని అడిగితే, కుళాయిలో గాలి కొంచెం వృథా అవుతుందట, గురి కొంచెం తగ్గుతుందట. కొంచెం గురి కోసం బొటనవేలిని తెచ్చి దారిలో పెట్టారన్నమాట.

కానీ అది మాకు పనికిరాలేదు. దాని గొట్టం కొలత 5.5 మిల్లీమీటర్లు. మన దేశంలో 2016 ఆయుధాల నియమాల ప్రకారం ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేకుండా ఉండాలంటే రెండు షరతులు. గొట్టం లోపలి కొలత 4.5 మిల్లీమీటర్లు దాటకూడదు. గుండు బయటికొచ్చే శక్తి 20 జౌళ్ళు దాటకూడదు. రెండిట్లో ఏది దాటినా లైసెన్సు కావాలి. ఎంత పాతదైనా, ఎంత మెల్లగా కాల్చినా కొలత కొలతే. ఈ సంగతి పెద్దాయనకు నేనే చెప్పాల్సొచ్చింది. “మా కాలంలో ఇవన్నీ లేవమ్మా” అన్నారు. తర్వాత మా మరిది దాన్ని స్టేషన్లో అప్పగించి రశీదు తెచ్చుకున్నాడు. పెద్దాయన రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదని చెల్లెలు చెప్పింది. ముగ్గురు అలిగారన్నానే, మొదటివారు ఆయన. ఇప్పటికీ నాతో ముక్తసరిగానే మాట్లాడతారు. నాకూ బాధగానే ఉంది. అయినా ఆ ఫోన్ మళ్ళీ చెయ్యాల్సొస్తే మళ్ళీ చేస్తాను.

ఆ రోజు కుప్పంలో ఇంకోటి కూడా చూశాను. ఇన్నేళ్ళుగా చూస్తున్నదే, అప్పుడు కొత్తగా చూశాను. మా మరిది చెంప మీద, ఎడమ కంటికి రెండు వేళ్ళ కింద చిన్న మచ్చ. పదకొండేళ్ళప్పుడు పెరట్లో నిలువు రాతిబండల గోడకు ఆనించి డబ్బా పెట్టి కాల్చాడట. డబ్బాకు తప్పిన గుండు రాయికి తగిలి వెనక్కి వచ్చింది. ఇంట్లో అందరూ దీన్ని పెద్ద జోకులా చెప్పుకుంటారు. మా మరిదే అందరికన్నా ఎక్కువ నవ్వుతాడు. నాకు రెండు వేళ్ళు అడ్డంగా పెట్టి కొలిస్తే నవ్వు రాలేదు.

మనది రాతి సీమ. మదనపల్లె నుంచి కుప్పం దాకా ఎటు చూసినా గుండ్లూ, బండలూ, రాతి కూసాల కంచెలూ. సీసం మెత్తనిదే గానీ రాయి మీద, ఇనుము మీద పడితే ఎటు తిరుగుతుందో చెప్పలేం. అందుకని ఏ తుపాకీ కొనాలి అన్నదానికంటే ముందు దేని మీదికి కాలుస్తారు అన్నది తేలాలి. మేం ఇసుక నింపిన గోనెసంచి అనుకున్నాం. సంచి ముందు పాత చీరలు కుక్కిన అట్టపెట్టె, దాని మీద కాగితం. పాత చీరలు గుండును ఎంత బాగా పట్టుకుంటాయో చెప్తే నమ్మరు. పెళ్ళిళ్ళలో పెట్టిన చీరలకు ఇన్నాళ్ళకు ఒక పని దొరికింది.

సరే, ఇప్పుడు ఆ రెండు తుపాకీలు. మాకు ఏది కావాలన్నా బెంగళూరే దగ్గర, అక్కడికే పోయాం. నేనూ, తమ్ముడూ, పాపా. మా ఆయన “మీ ఇష్టం” అని ఇంట్లో ఉండిపోయారు. ఆయన “మీ ఇష్టం” అంటే అర్థం ఏమిటో ఇల్లాళ్ళకు చెప్పనక్కర్లేదు. అంగడి పేరూ తుపాకీల పేర్లూ రాయను, ఒకదాన్ని పొగడటమూ ఒకదాన్ని తిట్టడమూ నా పని కాదు.

మొదటిది పెద్దది. నల్లగా, పొడుగ్గా, పైన దుర్బిణీతో సినిమాలో విలన్ చేతిలోదిలా ఉంది. పెట్టె మీద సెకనుకు వెయ్యి అడుగులు అని పెద్దక్షరాలు. బరువు నాలుగు కిలోల పైన. నెల దాటిన పసిబిడ్డను చేతులు చాపి ఎత్తుకుని నిలబడి, ఊపిరి బిగబట్టి దారం సూదిలోకి ఎక్కించినట్టు ఉంటుంది దాంతో గురి చూడ్డం. రెండోది చిన్నది, మూడు కిలోల లోపు. దుర్బిణీ లేదు. వేగం రాయనే లేదు, శక్తి మాత్రం జౌళ్ళలో రాశారు, ఏడున్నర.

మా తమ్ముడి కళ్ళు మొదటిదాని మీదే. “వెయ్యడుగులు అక్కా!” అన్నాడు. అప్పుడు మా పాప చేసిన పని చెప్తాను. తొమ్మిదో తరగతిలో గతిశక్తి పాఠం ఉంది కదా, సగం ద్రవ్యరాశి ఇంటూ వేగం స్క్వేర్. వెయ్యి అడుగులంటే 305 మీటర్లు. మామూలు సీసపు గుండు అర గ్రాము. అంగడి బిల్లు వెనక లెక్క వేసింది. 23 జౌళ్ళు దాటింది. అంటే చట్టం గీసిన గీతకు అవతల. అంగడాయన తడబడి, ఆ వేగం తేలిక గుండుతో చూసినదమ్మా, సీసంతో అంత రాదు అన్నాడు. మూడో వంతు గ్రాము గుండైతే 15 జౌళ్ళే, నిజమే కావచ్చు. అప్పుడా పెట్టె మీద వెయ్యి అని రాసింది ఎవరి కోసం? జాకెట్టు ముక్క మీటరు అని చెప్పి ఎనభై సెంటీమీటర్లు కోసిచ్చే వాళ్ళను మనం ఊరికే వదులుతామా? శక్తి జౌళ్ళలో, ఏ బరువు గుండుతో కొలిచారో కాగితం మీద చూపించమనండి. చూపించకపోతే ఆ తుపాకీ వద్దు.

ఇంకో సంగతి. జర్మనీలో లైసెన్సు లేకుండా అమ్మే ఎయిర్ రైఫిల్ శక్తి ఏడున్నర జౌళ్ళు దాటకూడదు, వాటి మీద ఐదు మూలల గడిలో ఎఫ్ అన్న అక్షరం ముద్ర ఉంటుంది. ఇంగ్లండులో సుమారు 16 జౌళ్ళు. మనకు 20. మన పరిమితి ఉదారంగా ఉందని దాన్ని నింపుకోవాలని ఏముంది? ఒలింపిక్స్‌లో పది మీటర్ల పోటీకి వాడే రైఫిళ్ళ శక్తి కూడా దాదాపు ఆ ఏడున్నర దగ్గరే ఉంటుంది. అవి స్ప్రింగువి కావు, నింపిపెట్టిన గాలితో పనిచేస్తాయి, అది వేరే సంగతి. 2008లో బీజింగులో అభినవ్ బింద్రా బంగారం తెచ్చిందీ, 2012లో లండన్లో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కంచు తెచ్చిందీ ఈ 4.5 మిల్లీమీటర్ల గుండుతోనే. ఆ పోటీలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. ఆవగింజ కన్నా చిన్నది. దాన్ని కొట్టడానికి బలం అక్కర్లేదు.

మరి బలం ఎందుకు? నేను తమ్ముణ్ణి అంగట్లోనే అడిగాను. వాడు పక్కకు చూశాడు. “అక్కా, నీకు తెలీనిదేముంది. కోతులతో సచ్చిపోతా ఉండాము. చిలకలు కాయ నిలవనియ్యవు. పాప సెలవులకొచ్చినప్పుడు నేర్చుకుంటాది, మిగతా దినాలు తోటలో నాకు అక్కరకొస్తాది” అన్నాడు. ఒకే దెబ్బకు రెండు పిట్టలు. వాడి లెక్కలో అక్షరాలా పిట్టలే.

వాడి బాధ నాకు తెలీక కాదు. తోతాపురికి గిట్టుబాటు రాని ఏడు, ఆ కాసిన కాయనూ సగం కోతులు కొరికి పారేస్తే రైతుకు కడుపు మండదా? మదనపల్లెలో మా మిద్దె మీదా అంతే. వడియాలు పెట్టి ఎన్నేళ్ళయిందో. కుప్పం వైపు ఏనుగులతో పడే బాధ ముందు మాది బాధే కాదు. కౌండిన్య అడవి అంచు పల్లెల్లో ఒక్క రాత్రిలో చెరుకూ అరటీ నేలమట్టం. అక్కడ కూడా ఎవరో ఎయిర్ గన్ ఉంటే బెదిరించొచ్చు కదా అన్నారని చెల్లెలు చెప్పింది. ఏనుగు చర్మం మీద ఆవగింజంత సీసం విసిరి దానికి కోపం తెప్పించడం కన్నా ఊరికే ఇంట్లో పడుకోవడం మేలు.

కానీ నా అభిప్రాయం స్పష్టం. పిల్ల కాగితం మీద కాల్చే తుపాకీ తోటకు పోకూడదు. తోట కోసం కొన్న తుపాకీ పిల్ల చేతికి రాకూడదు. అసలు తోట కోసం కొననే కూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చిలకనూ గోరింకనూ కొట్టడం నేరం, నెమలి సంగతి చెప్పనే అక్కర్లేదు. చాలాకాలం ఒక్క కాకిని మాత్రం హానికర జంతువుల జాబితాలో పెట్టి వదిలేశారు. 2022లో చట్టం సవరించినప్పుడు ఆ జాబితానే తీసేశారు. కోతికి తగిలిన గుండు దాన్ని చంపదు కూడా. చర్మం కింద దిగి చీము పట్టి, అది రోజుల తరబడి చస్తుంది. దాని పొట్ట కింద వేలాడే పిల్ల ఉంటే చూడటానికి మనకు ధైర్యం ఉండాలి. శనివారం ఆంజనేయుడికి ఆకుపూజ చేయించి ఆదివారం ఈ పని చేసే ఇళ్ళు నాకు తెలుసు.

మేముండే మదనపల్లె జిడ్డు కృష్ణమూర్తిగారు పుట్టిన ఊరు. పక్కనే రిషివ్యాలీ. ఒకప్పటి బోడి గుట్టల మధ్య చెట్లు పెంచి, 1991లో ఆ లోయను పక్షుల రక్షిత ప్రాంతంగా చేసుకున్నారు. పసుపు గొంతు పిగిలిపిట్ట అని ఒకటుంది, మన దక్షిణాది రాతి గుట్టల మీద తప్ప ఇంకెక్కడా ఉండదు. దాన్ని చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో మనుషులు అక్కడికీ హార్స్‌లీ కొండకూ వస్తారు. మా పాప వాళ్ళ స్కూలు పిల్లలతో పోయి ఆ పిట్టను చూసొచ్చింది, రెండు రోజులు అదే మాట. ఆ పిల్ల చేతికే వెయ్యడుగుల తుపాకీ ఇచ్చి, మామతో తోటకు పంపి, చిలకను కొట్టు, పిగిలిపిట్టను కొట్టొద్దు అని చెప్పాలా? తుపాకీ చేతిలో ఉన్నవాడికి కొమ్మ మీద ఉన్నది పిట్టే. మా తాత కాలంలో మంచె ఎక్కి ఒడిసెల తిప్పేవాళ్ళు. రాయి పిట్టకు తగలాలని కాదు, అది లేచిపోవాలని.

అంగట్లో ఇదంతా మాట్లాడలేదు. తమ్ముడి మొహం చూసి ఊరుకున్నాను. అంగడాయన్ను ఒక్కటే అడిగాను. “ఈ పెద్దదాన్ని బిగించి, గొట్టం నేలవైపు పెట్టి, కడ్డీ గట్టిగా పట్టుకునే ఉండి, కడ్డీ మూయకుండా ట్రిగ్గర్ నొక్కి చూపించండి. ఖాళీలో మీ వేలు పెట్టక్కర్లేదు.” ఆయన నావైపు ఒక క్షణం చూసి, అలా చెయ్యకూడదమ్మా, తుపాకీ పాడవుతుంది అన్నాడు. చిన్నదానికి అడగకుండానే చేసి చూపించాడు. ట్రిగ్గర్ కదల్లేదు. గుండు పెట్టే చోటు కూడా తిరిగే బిళ్ళ రకం, పక్కకు తిప్పి గుండు వేసి మూసేయడమే. వేలికి దారిలో పనిలేదు. నాకు ఇంక అడగడానికేం మిగల్లేదు.

పాప చేత రెండూ బిగింపించాం. పెద్దదానికి దాదాపు నిండు బిందె ఎత్తినంత బలం కావాలి. అది మడమను తొడమీద ఆనించి రెండు చేతులతో కడ్డీ పట్టి లాగింది, గొట్టం చివర తిరిగి తిరిగి మా తమ్ముడి పొట్ట మీదికొచ్చింది. ఖాళీ తుపాకీయే, అయినా వాడు పక్కకు గెంతాడు. నేను ఒక్క మాట అనలేదు. చిన్నదాన్ని ఒక చేత్తో పట్టుకుని ఒక చేత్తో లాగింది, గొట్టం నేల వైపే ఉంది. రోజుకు నలభై గుళ్ళు కాల్చాలంటే నలభై బిందెలా, నలభై చెంబులా?

చిన్నదే కొన్నాం. ఆధార్ తీసుకుని రిజిస్టర్లో రాసుకున్నారు. నా పేరు మీదే. తమ్ముడు డబ్బులిచ్చాడు గానీ బండిలో మదనపల్లె దాకా మాట్లాడలేదు. అలిగినవాళ్ళలో రెండోవాడు వాడు. మూడోది మా అమ్మ. “ఆడపిల్లకు ఇది కొని పెడితే రేపు సంబంధాలొస్తాయా?” అని. ఈశా సింగ్ మన హైదరాబాదు పిల్లే, 2023 ఆసియా క్రీడల్లో పిస్టల్‌తో నాలుగు పతకాలు తెచ్చింది అని పాప చెప్పింది. “ఆ పిల్లకు పెళ్ళయిందా?” అని మా అమ్మ. ఈ వాదన గెలిచే ఉద్దేశం నాకు లేదు.

ఇంట్లో పెట్టుకున్న పద్ధతులు కొన్ని చెప్తాను, మీ ఇంట్లో కూడా ఎవరైనా అడుగుతుంటే పనికొస్తాయి. తుపాకీ బీరువాలో, గుళ్ళు వంటింటి పై అరలో, రెండు తాళాలూ నా దగ్గరే. గుండు లేకుండా ఉత్తినే కాల్చకూడదు. గాలికి అడ్డుండదు కాబట్టి పిస్టన్ పోయి గోడకు గుద్దుకున్నట్టు గుద్దుకుని పాడవుతుంది. బిగించి పక్కన పెట్టి ఫోన్ చూసుకోకూడదు. బిగించావంటే ఇసుక సంచిలోకి కాల్చి ఖాళీ చెయ్యాల్సిందే. గుళ్ళు నోట్లో పెట్టుకోకూడదు. మగపిల్లలు చాలామందికి ఇది అలవాటు, అది సీసం. కాల్చాక సబ్బుతో చేతులు కడగందే కంచం ముట్టనివ్వను. కంటికి అద్దాలు. నేను పెరట్లో లేకపోతే తుపాకీ బయటికి రాదు. నాకు వంట ఉంటే ఆ రోజు లేదు, అంతే.

పోటీల సంగతి చూద్దాం. స్కూలు క్రీడల్లో ఎయిర్ రైఫిల్‌కు మామూలు కంటి గురితో కాల్చే విభాగం ఒకటి ఉంది. ఈ తుపాకీతో అంతదాకా వస్తే, తర్వాత ఏం కొనాలో అప్పుడాలోచిస్తాం. దానికి ఇంటి స్థలం అమ్మాలేమోనని మా ఆయన భయం.

పోయిన వారం తమ్ముడు వచ్చాడు. మేనకోడలు పిలిచింది, నేను కాదు. వాడూ ఓ పది గుళ్ళు కాల్చాడు. కాగితానికి తగిలినవి నాలుగు. “ఇదేం తుపాకీయే, జాతరదే మేలు” అన్నాడు. “గట్టిగా పట్టుకున్నావు మామా. స్ప్రింగుది ముందుకీ వెనక్కీ ఊగుతుంది, అరచేతిలో ఊరికే ఆనించుకోవాలి, బిగించి పట్టుకుంటే ఎటో పోతుంది” అని అది వాడి చెయ్యి సర్దింది. తర్వాతి పదిలో ఏడు తగిలాయి. టీ తాగి, చేతులు కడుక్కోకుండా బిస్కెట్టు తీసుకోబోతే పాపే అరిచింది.

తోట సంగతి ఇంకా తేలలేదు. చెట్లకు వల వేస్తే ఎంతవుతుందో కనుక్కుంటానన్నాడు. నాలుగెకరాలకు వేయడం అయ్యే పని కాదని నాకూ తెలుసు, వాడికీ తెలుసు. ఇంటి దగ్గరి ఇరవై చెట్లకైనా వేద్దాం, సగం ఖర్చు నేను పెట్టుకుంటానన్నాను. చూద్దాంలే అక్కా అని వెళ్ళిపోయాడు.